కమలాపురంలో కంప్యూటరు ఏమైపోయింది?



ఫోను వచ్చి కంప్యూటరును మింగేసిందని పదిహేనేళ్లుగా వింటున్నాం. అమెరికాకో బెంగళూరుకో ఆ మాట సరిపోతుంది. కమలాపురం దగ్గరికొచ్చేసరికి ఒక చిక్కుంది. మింగడానికంటూ మన ఇళ్లల్లో కంప్యూటరు ఉండాలి కదా! 2011 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తంమీద కంప్యూటరో లాప్‌టాపో ఉన్న ఇళ్లు నూటికి తొమ్మిదిన్నర. ఏదో ఒక ఫోనున్న ఇళ్లు అప్పటికే నూటికి 63. ఆరేడేళ్ల తర్వాత, 2017-18లో, జాతీయ నమూనా సర్వే వాళ్లు పల్లెల లెక్క విడిగా తీస్తే కంప్యూటరున్న ఇళ్లు నూటికి 4.4 అని తేలింది. వంద గడపల వీధిలో నాలుగిళ్లన్న మాట. ఆ నాలుగూ ఏవో వీధిలో ఎవరినడిగినా చెప్పేస్తారు. అయ్యవారి ఇల్లు, కొడుకు బెంగళూరులో పనిచేసే ఇల్లు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసేవాళ్ల ఇల్లు, ఇంకొకటి ఏ కాంట్రాక్టరుదో.

అట్లని కమలాపురానికి కంప్యూటరు తెలియదని కాదు. బాగా తెలుసు. కాకపోతే అది ఇంట్లో లేదు, బజార్లో ఉండింది.

రైల్వే స్టేషను రోడ్డులోనో బస్టాండు పక్కనో, రాయలసీమలో ఏ మండల కేంద్రానికి పోయినా ఇరవై ఏళ్ల కింద ఒకే రకం బోర్డు కనిపించేది. జిరాక్స్, డీటీపీ, ఇంటర్నెట్, లామినేషన్, పాస్‌పోర్టు సైజు ఫోటోలు. లోపల ప్లైవుడ్డుతో కట్టిన మూడు నాలుగు క్యాబిన్లు. ఒక్కోదాంట్లో వెనక పెద్ద పొట్టున్న మానిటరు, దానికి ఓనరు భార్య కుట్టిన గుడ్డ కవరు. కాలికి తగిలే చోట యూపీఎస్. చుట్టుపక్కల సేద్యపు మోటార్లన్నీ ఆడే వేళకు ఓల్టేజీ పడిపోయేది, స్టెబిలైజరు టక్కుమని కొట్టుకునేది. కరెంటు పోయిందా, నాలుగు యూపీఎస్‌లూ ఒక్కసారే కుయ్యోమని మొదలుపెట్టేవి. "సేవ్ చేసుకోండప్పా, సేవ్ చేసుకోండి!" అని ఓనరు కేక. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండు మొదలై చిన్న ఊళ్లకు చేరేదాకా నెట్టు వచ్చేది మామూలు ఫోను తీగ మీదనే. ఒక పేజీ తెరుచుకునేలోపు బయటికి పోయి టీ తాగి రావచ్చు. తాగి వచ్చేవాళ్లు కూడా.

ఆ షాపు చేసిన పనులు చిన్నవేమీ కావు. పదో తరగతి ఫలితాల రోజు హాల్‌టికెట్ నెంబర్లు చీటీల మీద రాసుకుని పిల్లలు గుంపుగా నిలబడేవాళ్లు. ఓనరు ఒక్కో నెంబరూ కొట్టి, పాసైతే మార్కులు గట్టిగా చదివేవాడు, తప్పితే గొంతు తగ్గించి ఆ పిల్లోన్ని పక్కకు పిలిచేవాడు. ఇంజనీరింగు కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టించడానికి తండ్రీ కొడుకులు చిత్తు కాయితం మీద కాలేజీల పేర్లు వరుసగా రాసుకుని వచ్చేవాళ్లు. ఓనరు దాన్ని చూసి "ఈ కాలేజీ ముందుకు జరపండన్నా, దీనికంటే అది మేలు" అని సలహా చెప్పేవాడు. అతను చదివింది డిగ్రీయే అయినా ఊళ్లో ఎందరు ఏ కాలేజీలో చేరిందీ అతని చేతి మీదుగా పోయింది. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టేవాళ్లు. దర్గా ఉరుసు వస్తే కరపత్రాలకు వేరే గిరాకీ.

ఇక కువైట్ సంగతి. కడప జిల్లాకు కువైట్‌తో ఉన్న సంబంధం నేను మీకు చెప్పాల్సిన పనిలేదు. ఇంటి పనికి పోయిన ఆడోళ్లు, డ్రైవర్లుగా పోయిన మగోళ్లు ఏళ్ల తరబడి అక్కడే. ఐఎస్‌డీ బూత్‌లో నిమిషానికి ఇంత అని మీటరు తిరిగే కాలంలో, నెట్ సెంటరులో హెడ్‌ఫోను పెట్టుకుని యాహూ మెసెంజరులో మాట్లాడటం అంటే పెద్ద ఊరట. మైకు ఎక్కడుందో తెలియక మానిటరు వైపు వంగి "వినపడతాండాదా మే?" అని అరిచే పెద్దోళ్లను ఆ కాలం వాళ్లందరూ చూసే ఉంటారు. క్యాబిన్‌లో కుటుంబమంతా ఇరుక్కుని కూర్చునేది, ఏడుపు మాత్రం షాపంతా వినపడేది.

దీనికి తోడు కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్‌లు. అంతకుముందు టైపు, షార్టుహ్యాండు నేర్పినచోటే టైపు మిషన్లు పక్కకు జరిపి కంప్యూటర్లు దించారు. డీసీఏ, పీజీడీసీఏ, ట్యాలీ. సాయంత్రం డిగ్రీ పిల్లలు, ఎండాకాలం సెలవుల్లో ఇంటర్ పిల్లలు. సర్టిఫికెట్టుకు విలువెంతో గానీ, కీబోర్డు మీద పది వేళ్లూ పెట్టడం అక్కడే వచ్చింది చాలామందికి. ఈ మాట కొంచెం గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

బయటి ప్రపంచంలో కథ వేరేగా నడిచింది. 2007 జనవరిలో ఆపిల్ సంస్థ ఐఫోను చూపించింది, 2010లో ఐప్యాడు తెచ్చింది. ఆ జూన్‌లో ఒక సభలో ఆ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్ ట్రక్కుల పోలిక తెచ్చాడు. అమెరికా సేద్యపు దేశంగా ఉన్నప్పుడు బండంటే ట్రక్కే, పట్నాలు పెరిగాక కార్లొచ్చాయి, పీసీలు కూడా ఇక ట్రక్కుల మాదిరి కొందరికే కావాల్సి వస్తాయి, ఇదీ ఆయన చెప్పిన దాని సారం. మన కథకు ఆ పోలికను కొంచెం తిప్పాలి. మన ఇంటి ముందు ట్రక్కు ఏనాడూ నిలబడలేదు. శెనక్కాయలు యార్డుకు తోలాలంటే లారీ బాడుగకు మాట్లాడుకున్నట్టు, గంటకింతని కంప్యూటరును బాడుగకు తీసుకున్నాం. సొంత బండంటూ మొదట వచ్చింది మోటారుసైకిలే, అదే మన టచ్ ఫోను. కాబట్టి ఇక్కడ గిరాకీ పోయింది బాడుగ లారీకి.

ప్రపంచం మొత్తంమీద పీసీల అమ్మకం 2011లో 36 కోట్లు దాటి శిఖరానికి చేరింది. రెండేళ్లు తిరిగేసరికి, 2013లో, 31 కోట్ల చిల్లరకు దిగింది. అదే 2013లో స్మార్టుఫోన్ల అమ్మకం మొదటిసారి 100 కోట్లు దాటింది. కరోనా ఏళ్లలో ఇంట్లో కూర్చుని పనిచేయాల్సి వచ్చి పీసీలకు మళ్లీ ఊపిరి వచ్చింది, 2021లో దాదాపు 34 కోట్లు పోయాయి. తర్వాత మళ్లీ కిందికి, 2023లో పాతిక కోట్ల చుట్టుపక్కలకు. పీసీ చావలేదు. పెరగడం ఆగిపోయింది, అంతే. వ్యాపారానికి ఆ రెండింటికీ పెద్ద తేడా లేదని ఆ రంగంలో ఉన్నవాళ్లు అంటారు.

ఆ దెబ్బకు మన దేశంలో ఎవరు పడిపోయారో చూడండి. ఆ రోజుల్లో స్కూలు ల్యాబుల్లో, బ్యాంకుల్లో, ఆఫీసుల్లో హెచ్‌సీఎల్, విప్రో పేర్లున్న కంప్యూటర్లు ఎన్నో కనిపించేవి. ఆ రెండు సంస్థలూ 2013లోనే, కొన్ని నెలల తేడాతో, పీసీల తయారీ నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించాయి. మన తెలుగు గడ్డ మీద కంప్యూటరు తయారీకి ఇంకా పాత చరిత్ర ఉంది. హైదరాబాదులో ఏ.ఎస్. రావు గారు నిలబెట్టిన ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరు చేసి ఇచ్చింది. అంత ముందుగా మొదలుపెట్టిన దేశం ఇంటింటికీ చేరే కంప్యూటరు మాత్రం చేయలేకపోయింది. 2011 అక్టోబరులో ఢిల్లీలో విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్లెట్టు ఆ ప్రయత్నమే. ప్రపంచంలోనే చవకైనదన్నారు, దాని కూర్పు జరిగింది కూడా హైదరాబాదులోనే. ప్రచారం జరిగినంతగా సరుకు జనంలోకి రాలేదు.

పెద్ద కంపెనీలకైనా ముందుచూపు తక్కువేనని ఇంటెల్ కథ చెబుతుంది. ఐఫోనుకు చిప్పు చేసివ్వమని ఆపిల్ అడిగితే ఆ ధరకు గిట్టుబాటు కాదని ఇంటెల్ వద్దనుకుంది. అప్పటి అధిపతి పాల్ ఒటెల్లిని 2013లో పదవి దిగిపోతూ ఆ సంగతి తనే చెప్పుకున్నాడు. తాము వేసుకున్న అంచనాకు వందింతలు అమ్ముడుపోయిందట. మైక్రోసాఫ్టు నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొని 2015లో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసుకుంది. ఆ లెక్క రాయాల్సి వచ్చింది సత్య నాదెళ్ల గారికి. ఆయన తండ్రి యుగంధర్ గారిది మన పక్కనే అనంతపురం జిల్లా బుక్కాపురం. 2014 ఫిబ్రవరిలో పగ్గాలు చేతికొచ్చాక ఆయన మొదట చేసిన పనుల్లో ఒకటి, మైక్రోసాఫ్టు ఆఫీసును పోటీ కంపెనీ ఐప్యాడు మీదికి ఎక్కించడం. జనం ఏ పరికరం చేతిలో పట్టుకున్నారో అక్కడికి సరుకు మోసుకుపోవడమే మేలని ఆయన లెక్క. సీమ నీళ్లు తాగిన వంశానికి నీళ్లెక్కడుంటే అక్కడికి పోవడం కొత్త కాదులెండి.

మన ఊరికి రోజు మారింది 2016 సెప్టెంబరు 5న, జియో మొదలైనప్పుడు. అంతకు ముందు ఒక జీబీ డేటాకు రెండొందల పైచిలుకు పెట్టి నెలంతా పొదుపుగా వాడుకునేవాళ్లు. కొన్ని నెలలు ఊరికే ఇచ్చేసరికి సిమ్ముల కోసం క్యూలు కట్టారు. నెట్ సెంటర్ల క్యాబిన్లు ఖాళీ కావడం అక్కడి నుంచే. ఒక్కరోజులో మూతపడలేదు. మొదట రెండు క్యాబిన్లు తీసేసి అక్కడ మొబైలు రీచార్జి కౌంటరు పెట్టారు. తర్వాత టెంపర్డ్ గ్లాసులు, పౌచీలు, చార్జర్లు వేలాడదీశారు. కంప్యూటరును పడగొట్టిన వస్తువునే కంప్యూటరు షాపులో అమ్ముకున్నారు. దీన్ని ఓటమి అనడానికి నాకు మనసు రాదు. బతకనేర్చినవాళ్లు.

ఫోను ఎందుకు గెలిచిందంటే చవకని అందరూ అంటారు. ధర ఒక్కటే కారణం కాదు. కంప్యూటరు మన దగ్గర చాలా అడిగింది. బల్ల కావాలంది, కుర్చీ కావాలంది, నిలకడైన కరెంటు కావాలంది, అన్నిటికీ మించి ఇంగ్లీషు అక్షరాలున్న కీబోర్డు మీద చేయి వేయమంది. ఫోను ఇవేవీ అడగలేదు. కరెంటున్నప్పుడు చార్జింగు పెట్టుకుంటే పోయినప్పుడూ పనిచేస్తుంది. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషలకు నోటితో చెబితే అక్షరాలు పడే ఏర్పాటు తెచ్చింది. ఇప్పుడు మా వైపు అవ్వలు ఫోను నోటి దగ్గర పెట్టుకుని "నిమ్మకాయల పచ్చడి ఎట్ల పెట్టాల" అంటారు, వీడియో వస్తుంది. ఆ అవ్వ బడికి పోయిందా లేదా అని ఫోను అడగదు.

ఇక్కడ ఒక మన మనిషిని తలుచుకోవాలి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్‌రెడ్డి గారు. మనిషి మాటను యంత్రం అర్థం చేసుకోవడం మీద అమెరికాలో దశాబ్దాల తరబడి పనిచేసి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆసియా నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటి మనిషి ఆయనే. చదువు రానివాళ్లకు కూడా పనికొచ్చేలా టీవీ, ఫోను, కంప్యూటరు కలిపిన పరికరం ఒకటి చేయాలని ఆయన ఇరవై ఏళ్ల కిందనే తలపెట్టారు. ఆ పరికరం బజార్లోకి రాలేదు. చేయాలనుకున్న పని మాత్రం అవ్వ చేతిలో ఫోనుగా వచ్చింది.

పొలం పనులు చూడండి. బోరు మోటారు స్టార్టరుకు సిమ్ కార్డుండే డబ్బా ఒకటి తగిలిస్తారు. ఇంట్లో మంచం మీద నుంచే ఫోను కొడితే మోటారు ఆడుతుంది. కరెంటు వచ్చిందా, ఫేజు పోయిందా, నీళ్లు లేక మోటారు ఉత్తగా ఆడుతోందా, మెసేజి వస్తుంది. రాత్రి కరెంటు కాలంలో టార్చిలైటు పట్టుకుని గట్ల మీద పోతూ పాము కాటుకు పోయినవాళ్లు మనలో ఎందరి ఇళ్లల్లో లేరు? మంచం మీద నుంచే మోటారు ఆడించడం మన ఊళ్లో ఏ కంప్యూటరూ చేసిపెట్టని పని. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. ఆ దృశ్యం ఊళ్లోవాళ్ల ఫోన్లలో నుంచి కువైట్‌లో ఉన్న ఊరివాళ్లకు అదేరోజు చేరింది. యాహూ మెసెంజరు కోసం క్యాబిన్‌లో ఇరుక్కున్న కుటుంబాలే ఇప్పుడు వంటింట్లో ఫోను ఆనించి పెట్టి ఐఎంఓలో మాట్లాడుకుంటూ కూర కలుపుతున్నాయి. అంతెందుకు, ఈ ప్రసంగాన్ని కూడా మీలో కొందరు రేడియోలో కాక ఫోనులో యాప్ పెట్టుకునే వింటూ ఉంటారు.

ప్రభుత్వమూ ఫోనెక్కింది. సర్టిఫికెట్ల కోసం ఈసేవ, మీసేవ అంటూ తిరిగాం. 2019లో గ్రామ సచివాలయం గడప దగ్గరికొచ్చింది. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోనే మొదలయ్యాయి. ఆ ఏడాది ఇంటర్ హాల్‌టికెట్లు, ఫలితాలు కూడా అందులోనే వచ్చాయి. చీటీల మీద నెంబర్లు రాసుకుని షాపు ముందు గుంపుగా నిలబడటం ఇక లేదు. ఎవరి ఫలితం వాళ్ల ఫోనులో చూసుకుంటారు. తప్పిన పిల్లోన్ని పక్కకు పిలిచి మాట చెప్పే ఓనరూ లేడు.

మరి షాపు పూర్తిగా పోయిందా? లేదు. ఒక కంప్యూటరు మిగిలింది, దానికి కట్టేసిన ప్రింటరు మిగిలింది. అక్కడ పొద్దున పది గంటల వేళ ఒక పావుగంట నిలబడితే అసలు సంగతి అర్థమవుతుంది. వచ్చినవాడు లోపలికి కూడా రాడు, బండి దిగకుండానే "అన్నా, నీకు వాట్సాప్ పెట్టినా, రెండు కాపీలు తియ్" అంటాడు. ఓనరు తన ఫోనులో చూసి "ఇది ఫోటో నాయనా, పీడీఎఫ్ పెట్టు, అంచులు తెగిపోతాయి" అంటాడు. పీడీఎఫ్ అంటే ఏమో పిల్లోనికి తెలియదు. ఓనరే ఫోను తీసుకుని చేసిపెడతాడు. ఇంకొకరు పాసుబుక్కు జిరాక్స్ అంటారు. ఒకామె ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి. ఫోటో ఇన్ని కేబీల లోపల ఉండాలి, సంతకం ఇన్ని కేబీల లోపల ఉండాలి. ఫోనులో కుదరక మూడు రోజులు తంటాలు పడి వచ్చింది. ఓనరు పాత ఫోటోషాప్ తెరిచి కత్తిరించి, సైజు తగ్గించి, నాలుగు నిమిషాల్లో ఎక్కించేస్తాడు. ఆమె ఓటీపీ చెబుతుంది, అయిపోయింది. ఫోను చేయలేని పనులన్నీ వడగట్టుకుని ఆ ఒక్క కంప్యూటరు దగ్గరికి వస్తాయి.

ఆ నాలుగు నిమిషాల పని మన పిల్లలకు రావడం లేదు. నా గోడు ఇదే. నెట్ సెంటరు పోతే కంప్యూటరు వ్యాపారం పోయిందని లెక్కలు వేసేవాళ్లు వేసుకోనీ. మనకు పోయింది వేరే. ఇంట్లో కంప్యూటరు లేని పిల్లోడు పదో ఇరవయ్యో పెట్టి కీబోర్డు ముందు కూర్చోగలిగిన చోటు పోయింది. ఇన్‌స్టిట్యూట్‌లు తగ్గిపోయాయి. ఫోనులో అన్నీ ఉన్నాయి కదా, డబ్బు పెట్టి నేర్చుకునేదేముందని జనం అనుకున్నారు.

ఇంతలో పరీక్షలు మాత్రం ఎదురు దారి పట్టాయి. మన ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్, 2018 నుంచి కంప్యూటరు మీదికి పోయింది. మూడు గంటలు, 160 ప్రశ్నలు, చేతిలో మౌసు. 2019 నుంచి జేఈఈ మెయిన్ పూర్తిగా కంప్యూటరు మీదనే, అంకెల జవాబు రాయాలంటే తెర మీద కనిపించే మీటలను మౌసుతో ఒక్కోటి నొక్కాలి. టీచరు ఉద్యోగాల డీఎస్సీ కూడా కంప్యూటరు పరీక్షే. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గుమాస్తా ఉద్యోగానికి నిమిషానికి 35 ఇంగ్లీషు మాటలు టైపు చేయాలి. బ్యాంకు ఆఫీసరు పరీక్షలో వ్యాసంలాంటి జవాబులు కీబోర్డు మీదనే కొట్టాలి. బొటనవేళ్లతో ఎంత వేగంగా చాటింగు చేసినా ఇక్కడ పనికిరాదు.

ఆలోచించండి. లెక్కలన్నీ ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుని, మాక్ టెస్టులు ఫోనులోనే రాసి, తెలివిగల పిల్ల కమలాపురం నుంచి పొద్దున్నే రైలెక్కి కడపకో, బస్సెక్కి ప్రొద్దుటూరుకో పోయి పరీక్ష గదిలో కూర్చుంటుంది. తెర మీద బాణం గుర్తు ఎటు పోతుందో చేతికి అలవాటు లేదు. తెరను వేలితో తాకితే కదలదు. పేజీ కిందికి జరపడానికి మౌసు మధ్యలో చక్రం ఉంటుందని పక్కన కూర్చున్న పట్నం పిల్లోనికి తెలుసు, ఆమెకు తెలియదు. పోయేది పది నిమిషాలేనని తేలిగ్గా తీసేయకండి. ర్యాంకు వేలల్లో మారడానికి ఆ పది నిమిషాలు చాలు.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న మగవాళ్లు నూటికి 48.8, ఆడవాళ్లు 21. ఇంట్లో ఒకే టచ్ ఫోనుంటే అది ముందు ఎవరి జేబులోకి పోతుందో మీకు తెలుసు. చాలా చోట్ల నెట్ సెంటరుకు ఆడపిల్లను ఒంటరిగా పంపని మాట నిజమే, కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్‌కు మాత్రం పంపేవాళ్లు. టైపు నేర్చుకోవడం ఆడపిల్లకు మర్యాదైన చదువని ఆ కాలం తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఆ మర్యాద ఫోనుకు లేదు. ఆడపిల్ల గంటసేపు ఫోను పట్టుకుంటే ఇంట్లో ఎవరో ఒకరు గొణుగుతూనే ఉంటారు.

ప్రభుత్వాలు ప్రయత్నించలేదని కాదు. పక్కన తమిళనాడు 2011లోనే ప్లస్ టూ పిల్లలకు లాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టింది. మన దగ్గర 2021లో అమ్మఒడి డబ్బుకు బదులు లాప్‌టాప్ కోరుకోవచ్చని ప్రకటన వచ్చింది. చివరికి 2022 డిసెంబరులో బడికి వచ్చింది ట్యాబ్. ఎనిమిదో తరగతి పిల్లలకు, అయ్యవార్లకు కలిపి 5 లక్షల 18 వేలకు పైగా పంచారు. పాఠాలు చూడటానికి ట్యాబ్ బాగానే ఉంటుంది. నాలుగు పేరాలు రాయడానికి, ఒక పట్టిక వేయడానికి, ఒక ప్రోగ్రాము రాసి చూడటానికి అది చేతికి అడ్డం. చూసే పరికరానికీ చేసే పరికరానికీ ఉన్న ఈ తేడాను పంచేవాళ్లు గమనించలేదనే నా అభిప్రాయం.

గమనించిన చోటు మన జిల్లాలోనే ఉంది. వేంపల్లె మండలం ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పదో తరగతి మార్కుల మీద పల్లెటూరి పిల్లలను తీసుకుని ఒక్కొక్కరి చేతికీ లాప్‌టాప్ ఇచ్చి చదువు మొదలుపెట్టారు. ఆ ట్రిపుల్ ఐటీని నడిపే విశ్వవిద్యాలయానికి మొదటి చాన్సలరు ఎవరనుకున్నారు? ఇందాక చెప్పుకున్న రాజ్‌రెడ్డి గారే. అంతకు ముందు రోజు వరకు కంప్యూటరు ముట్టని పిల్లలు ఆరేళ్లలో సాఫ్టువేరు కంపెనీలకు పోయారు. వాళ్ల తెలివి ఎక్కడి నుంచో తెచ్చింది కాదు, మన బళ్లల్లోదే. లాప్‌టాప్ దొరికింది, అంతే తేడా. కానీ ఆ గేటు దాటి లోపలికి పోగలిగింది చాలా కొద్దిమందే. బయట మిగిలిన వాళ్ల సంగతే నేను చెబుతున్నది.

తయారీ సంగతి ఒక్క మాట. 2015 ఆగస్టులో శ్రీసిటీలో చేసిన షావొమీ ఫోనును విశాఖపట్నంలో విడుదల చేశారు. కడప పక్కన కొప్పర్తిలో సీసీటీవీ కెమెరాలు తయారవుతున్నాయి, 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం కొప్పర్తి, ఓర్వకల్లు పారిశ్రామిక కేంద్రాలకు ఆమోదం తెలిపింది. అమ్మకాలు చూస్తే, 2024లో దేశంలో సుమారు 15 కోట్ల స్మార్టుఫోన్లు అమ్ముడుపోతే పీసీలు కోటీ 44 లక్షలు. పదికి ఒకటి కూడా లేదు. ఫ్యాక్టరీ వచ్చినా అక్కడ కెమెరాలు బిగించే ఉద్యోగానికీ, ఆ కెమెరాల లెక్కలు కంప్యూటరులో చూసుకునే ఉద్యోగానికీ జీతంలో ఎంత తేడా ఉంటుందో ఊహించుకోవచ్చు.

చేయగలిగినవి ఉన్నాయి, పెద్ద ఖర్చూ కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు మామూలు మద్దతు ఆపేసింది. ఆఫీసుల్లో, కాలేజీల్లో బాగా పనిచేసే కంప్యూటర్లనే కొత్త విండోస్ ఎక్కదని పక్కన పెడుతున్నారు. వాటిలో ఉచితంగా దొరికే లినక్స్ వేస్తే ఇంకో ఐదారేళ్లు టైపుకు, మాక్ టెస్టులకు ఢోకా లేదు. అట్లాంటివి నాలుగు ఊరి లైబ్రరీలో పెట్టించమని అడగండి. హైస్కూల్లో ల్యాబు ఉంటే సాయంత్రం నాలుగున్నరకు దానికి తాళం వేసేయకుండా ఇంకో గంట తెరవమని తల్లిదండ్రుల కమిటీ హెడ్‌మాస్టరు గారిని అడగవచ్చు, ఆ గంట ఆడపిల్లలకు ముందు ఇవ్వమని కూడా అడగవచ్చు. షాపు ఓనర్లను కూడా నేను ఒక మాట అడుగుతా. పరీక్షల నెలల్లో మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఆ ఉన్న ఒక్క కంప్యూటరును గంటకింతని మళ్లీ బాడుగకు ఇవ్వండన్నా.

అదీ కుదరకపోతే ఉన్న ఫోనుకే కీబోర్డు, మౌసు తగిలించవచ్చు. ఓటీజీ అనే చిన్న ముక్క మొబైలు షాపుల్లో దొరుకుతుంది, ఆ ముక్కా కీబోర్డూ మౌసూ కలిపి వందల్లోనే అయిపోతుంది. ఈఏపీసెట్, జేఈఈ నమూనా పరీక్షలు వాళ్ల వెబ్‌సైట్లలో ఊరికే ఉంటాయి. మీ ఇంట్లో ఈ ఏడాది పరీక్ష రాసే పిల్ల ఉంటే, హాల్‌టికెట్ వచ్చే లోపు ఆ నమూనా పరీక్షను వేలితో కాక మౌసుతో మూడు గంటలూ కూర్చుని ఒకసారి రాయమనండి. రెండోసారి రాసేటప్పుడు గడియారం చూడండి, ఎంత సమయం మిగిలిందో.